రెడీమేడ్ ప్రాజెక్టులు ఇక మా షాపులో దొరకవు

విజయవాడ గవర్నర్‌పేటలో మా ఎలక్ట్రానిక్స్ షాపుకి వచ్చే తల్లిదండ్రులకీ, సైన్సు మాస్టార్లకీ, టీచరమ్మలకీ, పిల్లలకీ నమస్కారం.

ముందు అసలు సంగతి. ఈ సీజన్ నుంచి రెడీమేడ్ సైన్సు ప్రాజెక్టులు మేం చెయ్యం, అమ్మం. ఆర్డరు మీద కూడా చెయ్యం. సెన్సర్లు, మోటార్లు, బోర్డులు, వైర్లు, బ్యాటరీలు, సోల్డరింగ్ సామాను ఎప్పటిలాగే దొరుకుతాయి. "ఏవండీ, ఏళ్ల తరబడి మీ దగ్గరే తీసుకుంటున్నాం, ఇప్పుడు లేదంటే ఎలా?" అని వారం రోజులుగా ఫోన్లు వస్తున్నాయి. అడిగే హక్కు మీకుంది. కౌంటర్ దగ్గర జనం మధ్య రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మా నాన్నగారి రోజుల్లో ఇది రేడియో, టీవీ స్పేర్ పార్టుల షాపు. టీవీ పాడైతే బాగుచేయించడం మానేసి కొత్తది కొనే రోజులొచ్చాక బేరాలు పడిపోయాయి. అప్పుడే ఒకావిడ ఏడో తరగతి కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, "రేపే ఇవ్వాలంట బాబూ, వెలిగేదో తిరిగేదో ఏదో ఒకటి చేసిపెట్టు" అంది. వాన పడితే మోగే అలారం అరగంటలో చేసిచ్చి 300 తీసుకున్నాను. మర్నాడు ఇంకో నలుగురు వచ్చారు. అలా మొదలై, దసరా సెలవుల దగ్గర్నుంచి ఫిబ్రవరి 28 సైన్స్ డే దాకా మాకు అదే సీజన్ అయిపోయింది. చీకటి పడితే వెలిగే వీధి దీపాలు, సిరంజీలతో లేచే హైడ్రాలిక్ లిఫ్టు, థర్మాకోల్ మీద స్మార్ట్ సిటీ. పోయినేడు ఆ నెలల్లో మా అమ్మకాల్లో సగానికి దగ్గరగా వీటి మీదే వచ్చింది. మా అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు కట్టింది ఆ డబ్బుతోనే.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇన్‌స్పైర్ మానక్ పథకం మీకు తెలిసిందే. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి నడుపుతాయి. పిల్లల సొంత ఆలోచనని బడి ఆన్‌లైన్‌లో పంపుతుంది. ఎంపికైతే నమూనా తయారు చేసుకోడానికి 10,000 రూపాయలు నేరుగా ఆ పిల్లల బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆ పది వేలని చూసుకునే నేను 9,500 ప్యాకేజీ ఒకటి పెట్టాను. మోడల్, చార్టు, రిపోర్టు అన్నీ మేమే చేసిచ్చేవాళ్లం. అందులో సామాను విలువ మూడు వేలు దాటదు. మిగతాది మా కూలి అనుకునేవాణ్ని. ప్రభుత్వం ఆ డబ్బు ఇచ్చింది పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకోడానికి. ఆ పని వాళ్ల చేతుల్లోంచి లాక్కుని దానికి కూలి కూడా తీసుకున్నాను. అది తప్పు. తప్పని తెలిసొచ్చేలా చేసింది సింగ్‌నగర్ అమ్మాయి ఒకతె.

పేరు రాయను, వాళ్లింట్లో వద్దన్నారు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు సింగ్‌నగర్‌ని ముంచిన సంగతి మన ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వాళ్లిల్లు కూడా మునిగింది. ఆ తర్వాత నీళ్లు పెరిగితే మోగే అలారాలు చేస్తామని చాలామంది పిల్లలు మా దగ్గరికి వచ్చారు. ఈ అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి, మున్సిపల్ హైస్కూలు. ప్రోగ్రాము ఎక్కించుకునే చిన్న ఆర్డుయినో బోర్డు ఒకటి, అల్ట్రాసోనిక్ సెన్సర్, బజర్ కొనుక్కెళ్లింది.

ఆ సెన్సర్ చూడ్డానికి రెండు గుండ్రటి కళ్లలా ఉంటుంది. ఒక కన్ను మన చెవికి వినపడని శబ్దం పంపుతుంది, సెకనుకి 40 వేల కంపనాలు. అది ఎదురుగా ఉన్నదానికి తగిలి తిరిగొస్తే రెండో కన్ను పట్టుకుంటుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని శబ్ద వేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. గుంజ మీద కిందికి చూసేలా బిగిస్తే నీటి మట్టం తెలుస్తుంది.

మే నెలలో మండే ఎండలో వచ్చి, "అంకుల్, ఇది పాడైంది, మార్చండి" అంది. మార్చాను. రెండు రోజులకి మళ్లీ వచ్చింది. "ఇదీ అంతే." నేను విసుక్కున్నాను. వంద రూపాయల చైనా సరుకు అంతేనమ్మా, కాస్త అటూ ఇటూగానే చూపిస్తుంది అన్నాను. అప్పుడు సంచిలోంచి పొడుగాటి నోటు పుస్తకం తీసి కౌంటర్ మీద పెట్టింది. డాబా మీద గోడకి సరిగ్గా 200 సెంటీమీటర్ల దూరంలో సెన్సర్ బిగించి, టేపుతో కొలిచి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రీడింగులు రాసుకుంది. పదకొండు పేజీలు. పొద్దున ఆరింటికి 28 డిగ్రీలున్నప్పుడు 197. మధ్యాహ్నం 42 డిగ్రీలున్నప్పుడు 192. పాత సెన్సరైనా కొత్త సెన్సరైనా అదే వరస. "పాడైపోతే రోజూ ఒకేలా ఎందుకు తప్పు చూపిస్తుంది అంకుల్?" అని అడిగింది. ముప్పై ఏళ్లుగా ఈ కౌంటర్ వెనక ఉన్నాను. నాకు జవాబు రాలేదు.

జవాబు పక్కింటి అక్క దగ్గర అడిగి తెచ్చుకున్న తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో తనే పట్టుకుంది. గాలిలో శబ్ద వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకి 331 మీటర్లు, 22 డిగ్రీల దగ్గర 344. అంటే డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు పెరుగుతోంది. మనమంతా ఇంటర్నెట్‌లోంచి దింపుకునే ప్రోగ్రాములో మాత్రం 343 అని రాసి ఉంటుంది. అది 20 డిగ్రీల లెక్క. బెజవాడ మే నెల మధ్యాహ్నం 20 డిగ్రీలు ఎక్కణ్నుంచి వస్తాయి? వేడి గాలిలో శబ్దం తొందరగా తిరిగొచ్చేస్తుంది, సెన్సరేమో దూరం తక్కువనుకుంటుంది. గుంజ మీద ఉన్న అలారానికి అదెలా కనబడుతుందంటే, నీళ్లు కదలకుండానే 8 సెంటీమీటర్లు పైకి వచ్చినట్టు.

"ఎనిమిది సెంటీమీటర్లకి ఏమవుద్దమ్మా" అన్నాను. "మధ్యాహ్నం ఊరికే మోగుద్ది అంకుల్. రోజూ ఊరికే మోగితే, రాత్రి నిజంగా మోగినప్పుడు ఎవరూ లేవరు" అంది. ఆ రాత్రి నీళ్లలో గడిపిన పిల్ల అన్న మాట అది.

ఉష్ణోగ్రత కొలిచే చిన్న సెన్సర్ ఒకటి కలిపి, ప్రోగ్రాములో ఆ 343 తీసేసి అప్పటికప్పుడు లెక్క కట్టుకునేలా మార్చింది. మొత్తం మా దగ్గర అయిన బిల్లు 1,140 రూపాయలు. నా ప్యాకేజీ 9,500.

జిల్లా స్థాయి సైన్సు ప్రదర్శనకి నేనూ వెళ్లాను. అదే హాల్లో మా షాపులో తయారైన మోడళ్లు మూడున్నాయి. ఒక బాబు మా స్మార్ట్ సిటీ వెనక నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన యూనిఫాం, మేం రాసిచ్చిన పేరా కంఠస్థం. న్యాయనిర్ణేతగా వచ్చిన మాస్టారు వీధి దీపాల పక్కనున్న చిన్న బిళ్లని వేలితో చూపించి, "ఇది పీకేస్తే దీపాలు వెలుగుతాయా, ఆరతాయా?" అని మెల్లగానే అడిగారు. అది వెలుతురుని పసిగట్టే ఎల్‌డీఆర్. బాబు ఆ బిళ్ల వంక చూశాడు, మాస్టారి వంక చూశాడు, ఆ తర్వాత జనంలో నన్ను వెతుక్కున్నాడు. మాస్టారు ఇంకేం అనకుండా ముందుకెళ్లిపోయారు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు ఆ బాబే నా దగ్గరికొచ్చి, "అంకుల్, ఇంతకీ ఏమవుద్ది?" అని అడిగాడు. మోడల్ దగ్గరికి తీసుకెళ్లి, పీకి చూడు నాన్నా అన్నాను. భయపడ్డాడు. పాడైతే నాదే పూచీ అన్నాక లాగాడు. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. చీకటి పడితే ఆ బిళ్ల నిరోధం బాగా పెరిగిపోతుంది. పీకేస్తే అసలు దారే ఉండదు కాబట్టి సర్క్యూట్ దాన్ని కూడా చీకటే అనుకుంటుంది. బాబు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత చేత్తో నీడ పట్టి చూశాడు. అడిగితే ఇంత ఆసక్తిగా చేసే పిల్లాడికి నేను తయారైన పెట్టె అమ్మాను. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను, ఇక ఈ పని చెయ్యనని.

సింగ్‌నగర్ అమ్మాయి రాష్ట్ర స్థాయికి ఎంపికైంది. అక్కడ బహుమతి రాలేదు. అయినా మా షాపులో మిఠాయిలు పంచాను, ఇంకా పంచాలనే ఉంది.

ఈ ఏడాది మా కౌంటర్ దగ్గర నిలబడ్డ ఇంకొందరు పిల్లల గురించి కూడా చెప్పాలి. గుణదల నుంచి ఇద్దరు కుర్రాళ్లు జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ కోసం వాళ్ల వీధి కుళాయిలు కారే నీళ్లు సీసాతో, గడియారంతో కొలిచారు. మా దగ్గర కొన్నది 40 రూపాయల టైమర్ ఒక్కటే. మా షాపులో పనిచేసే కుర్రాడి చెల్లెలు ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్షలో గెలిచింది. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి.

లెక్కల పిల్లలకి మాతో పని ఉండదు, తెల్ల కాగితం చాలు వాళ్లకి. కానీ మా దగ్గర స్పేర్లు కొనే టీవీ మెకానిక్ ఒకాయన కొడుకు, తండ్రి సామాను ఎంచుకునేంతసేపూ ఓ మూల స్టూలు మీద కూర్చుని లెక్కలు చేస్తుంటాడు. ఐఓక్యూఎం అనే లెక్కల ఒలింపియాడ్ పరీక్ష రాశాడు. మూడు గంటల్లో ముప్పై లెక్కలు. కింద ఆప్షన్లు ఉండవు, జవాబు అంకె రాయాలి, అంతే. డబ్బులు కట్టించుకుని అందరికీ మెడల్ వేసే ఒలింపియాడ్లు వేరు, ఇది వేరు. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కి మన దేశం తరఫున వెళ్లే ఆరుగురిని వడపోసే మొదటి మెట్టు ఇదే. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్‌లో మన జట్టు నాలుగు బంగారు పతకాలతో నాలుగో స్థానం తెచ్చుకుంది. ఈ కుర్రాడు రెండో మెట్టు దాకా వెళ్లాడు. అక్కడ మూడు గంటల్లో ఆరే లెక్కలు, ప్రతి మెట్టూ రుజువు చేసి రాయాలి. దాటలేదు. మళ్లీ రాస్తానంటున్నాడు.

ఒకరోజు నా బిల్లు బుక్కులో పైనున్న నంబరు చూశాడు, 3187. "అంకుల్, ఈ అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి, చిన్న నుంచి పెద్దకి రాసి తీసివెయ్యండి" అన్నాడు. 8731లోంచి 1378 తీస్తే 7353. మళ్లీ 7533లోంచి 3357, 4176 వచ్చింది. 7641లోంచి 1467, 6174. "ఇంకోసారి చెయ్యండి" అన్నాడు. మళ్లీ 6174. నాలుగంకెలూ ఒకటే కాకుండా ఉంటే ఏ నంబరైనా చివరికి ఇక్కడికే వస్తుందట. దీన్ని కనిపెట్టిన కప్రేకర్ గారు మహారాష్ట్రలో దేవళాలీ బడిపంతులు. ఆ సాయంత్రం పాత బిల్లులన్నీ తీసి చేస్తూ కూర్చున్నాను, షాపు కట్టేయడం అరగంట ఆలస్యమైంది.

పాత మోడళ్ల ఫొటోలు గోడ మీంచి తీసేశాను. ఆ చోట సి.ఆర్. రావు గారి ఫొటో పెట్టాం. నూజివీడులో, నందిగామలో, అంటే మన చుట్టుపక్కల బళ్లలోనే చదువుకున్నారాయన. పాతికేళ్ల వయసులో 1945లో రాసిన ఒక్క పరిశోధన పత్రానికి, 2023లో 102 ఏళ్ల వయసులో గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. ఫొటో కింద పిల్లల నోటు పుస్తకాల పేజీలు జిరాక్సు తీసి అంటిస్తున్నాం. బహుమతి వచ్చిందా లేదా అని చూడం. మొదటి పేజీ సింగ్‌నగర్ అమ్మాయిదే.

ఇక లెక్కలు. ఇప్పటికే రెడీమేడ్ మోడళ్లకి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఆరుగురున్నారు. రశీదు తెచ్చినా, తేకపోయినా పూర్తిగా తిరిగిచ్చేస్తాను. ఆదాయం తగ్గుతుంది కాబట్టి బ్రెడ్‌బోర్డులు, జంపర్ వైర్ల మీద పది శాతం పెంచక తప్పలేదు. మున్సిపల్, జిల్లా పరిషత్ బడి పిల్లలకి పాత ధరే. వాళ్లు టీచర్ చీటీ తెస్తే బోర్డు, సెన్సర్లు నెల రోజులకి ఊరికే ఇస్తాం, పనైపోయాక తిరిగిస్తే చాలు. ఇన్‌స్పైర్ డబ్బు వచ్చిన పిల్లలు దయచేసి ముందు ఏం కావాలో జాబితా రాసుకుని రండి. మా దగ్గరే అంతా ఖర్చుపెట్టక్కర్లేదు.

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వెనక గదిలో బల్ల వేస్తున్నాం. నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, రెండు మల్టీమీటర్లు ఉంటాయి. రుసుమేమీ లేదు. బ్యాటరీతో నడిచేవే చెయ్యాలి, ఇంటి కరెంటు జోలికి వెళ్లనివ్వను. ఎనిమిదో తరగతి లోపు పిల్లలతో పెద్దవాళ్లు ఒకరు రావాలి. అమ్మానాన్నలూ, పక్కన కూర్చోండి కానీ వైరు మాత్రం పిల్లల్నే కలపనివ్వండి. రేపే ఇవ్వాలి అనే ముందు రోజు రాకుండా, కనీసం నెల ముందు రండి. నాకు తెలియనిది అడిగితే తెలియదనే చెప్తాను, కలిసి వెతుకుదాం.

ఈ ఆదివారం ఆ అమ్మాయి తన గుంజ తీసుకొస్తానంది. ఆదివారం కాబట్టి షట్టర్ సగమే ఎత్తి ఉంటుంది. కాస్త వంగి లోపలికి వచ్చేయండి.