మా కుక్క చిట్టి కోసం చేయి కలిపిన వారందరికీ

తిరుపతి కొర్లగుంటలోని మా వీధి వారికి, వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి డాక్టర్లకు, విద్యార్థులకు, చిట్టికి రక్తమిచ్చిన కుక్క సీజర్‌కు, సీజర్‌ను పెంచుతున్న సారుకు నమస్కారం. ఒక్కొక్కరి గడప తొక్కి చెప్పవలసిన మాట ఇది. మా ఆయన కాలికి ఇంకా కట్టు విప్పలేదు, కుట్టవలసిన బట్టలు కుప్పగా ఉన్నాయి, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పైగా డబ్బు ఇచ్చిన వారికి లెక్క అప్పజెప్పాలి.

చిట్టికి వచ్చింది పిడుదుల జ్వరం. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి పిడుదు కాటుతో రక్తంలోకి చేరుతుందట. తిండి మానేసింది, ముక్కులోంచి రక్తం కారింది, చిగుళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. మొదట చూపించిన ప్రైవేటు క్లినిక్‌లో రోగం సరిగ్గానే చెప్పారు. చేర్చుకోవడానికి ఇరవై వేలు ముందుగా కట్టమన్నారు. వారి ఖర్చులు వారివి, నేను తప్పు పట్టను. కానీ అప్పటికి మా ఇంట్లో బియ్యం కూడా అరువే. ఆ క్లినిక్‌లో పనిచేసే అమ్మాయి మా వెనకే బయటికి వచ్చి, "అక్కా, వెటర్నరీ యూనివర్సిటీకి తీసుకెళ్ళండి, అక్కడ తక్కువలో అవుతుంది" అని చెప్పింది. తన జీతానికి ఎసరు వచ్చే మాట అది. అందుకే మొదటి దండం ఆ అమ్మాయికి.

తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం అయ్యింది 2005లో. అయినా అది ఆవులకూ గేదెలకే అనుకునేవారు మా వీధిలో ఇంకా ఉన్నారు. కుక్కలనూ పిల్లులనూ కూడా చూస్తారు, ఓపీ చీటీకి తీసుకునేది నామమాత్రం. లోపలున్న డాక్టరమ్మ చిట్టి చిగుళ్ళు చూసి, నా వైపు తిరిగి, "అమ్మా, ఇప్పుడు మీ దగ్గర ఎంత ఉంది?" అని అడిగారు. నేను ఉన్నది చెప్పాను. ఆమె చీటీ మీద ఈ రోజు తప్పనిసరి పరీక్షలు వేరుగా, తర్వాత చేసినా ఫరవాలేదన్నవి వేరుగా రాసి ఇచ్చారు. ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గిస్తే ప్రాణం మీదికి వస్తుందో విడమరిచి చెప్పారు. నా జీవితంలో డబ్బు గురించి నాతో అంత మర్యాదగా మాట్లాడినవారు తక్కువ. మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే, డాక్టరు అడిగేదాకా ఆగకండి, చేతిలో ఉన్నదెంతో ముందే చెప్పండి. దానికి తగ్గట్టు వైద్యం ఎలా చేయాలో వారికి తెలుసు.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు రక్తంలో ఎర్రకణాల వంతు 37 శాతానికి తగ్గకూడదట. చిట్టికి 12 ఉంది. రెండు లక్షలకు పైగా ఉండవలసిన ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి. మందు పనిచేసే లోపు ప్రాణం నిలవాలంటే రక్తం ఎక్కించాలన్నారు. కుక్కకు కుక్క రక్తమే కావాలి. ఇచ్చేది పాతిక కిలోల పైన ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, ఏ జబ్బూ ఉండకూడదు. మా వీధిలో అన్నీ బక్క ప్రాణాలే. అక్కడ చదువుకుంటున్న ఒక అబ్బాయి ఎవరెవరికో ఫోన్లు చేసి చేసి, తిరుచానూరులో సీజర్ అనే లాబ్రడార్‌ను పట్టుకున్నాడు. ఆ ఇంటి సారు రిటైరైన ఉద్యోగి, మమ్మల్ని ఎన్నడూ చూసినవారు కాదు. సీజర్‌ను వెంటబెట్టుకుని వచ్చి, రక్తం తీస్తున్నంతసేపూ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పెట్రోలు ఖర్చు కూడా ముట్టుకోలేదు. వారి శ్రీమతి జాకెట్లకు ఈ ఏడాది కుట్టు కూలి తీసుకోనని నేను పట్టుబట్టాను, అది ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది.

ఇవన్నీ జరిగింది గంగమ్మ జాతర వారంలో. దారులు మూసేసి ఉన్నాయి, ఆటోలు దొరకడం లేదు. మా పక్క సందులో ఉండే ఆటో అన్న మొక్కుబడి ఉండి ఆ రోజు బండ వేషం కట్టాడు. ఒంటి నిండా కుంకుమ, మెడలో వేపాకు. నా అవస్థ చూసి, ఆ వేషంతోనే ఆటో తీశాడు. జాతరలో వేషం కట్టినవారు తిడితే తప్పు లేదంటారు కదా, అడ్డం వచ్చిన ప్రతి బండినీ అన్న కడుపారా తిట్టుకుంటూ పోయాడు. ఒక్కరూ మారు మాట్లాడలేదు, పైగా దారి ఇచ్చారు. చిట్టి వీపు మీద ఎర్రటి మరకలు చూసి ఆసుపత్రిలో కంగారు పడ్డారు. అది కుంకుమ అని చెప్పాక అందరూ నవ్వారు.

ఒక మాట దాచుకోలేకపోతున్నాను. "మీకే జరగడం కష్టంగా ఉంటే కుక్క ఎందుకు?" అని అడిగినవారున్నారు. 2020 మార్చిలో కొండ మీద దర్శనాలు ఆగి, హోటళ్ళు మూతపడినప్పుడు, వాటి ఎంగిలాకుల మీద బతికే కుక్కలు ఎండిపోయాయి. చిట్టి అప్పుడు పిడికెడంత పిల్ల, మా గుమ్మంలోకి వచ్చి పడుకుంది. అప్పుడు మా ఆయన సంపాదన బాగానే ఉండేది. కష్టకాలం వచ్చింది ఆ తర్వాతే. సంపాదన తగ్గినప్పుడల్లా ఇంట్లో ఒకరిని బయటికి పంపాలంటే, ముందు మా ఆయనను పంపాలి.

ఇక లెక్క. మీరంతా కలిసి ఇచ్చింది 11,300 రూపాయలు. పరీక్షలకు, రక్తం ఎక్కించడానికి కావలసిన సంచి, గొట్టాలకు 4,850 అయ్యింది. మందులకూ పిడుదుల నివారణకూ 2,100. డాక్సీసైక్లిన్ మాత్రలు నాలుగు వారాలు వేయాలన్నారు. అవి జనఔషధి దుకాణంలో దొరికాయి, అందువల్ల ఖర్చు తగ్గింది. అన్నం పెట్టాకే వేయమని, మనుషులకు వేసే నొప్పి మాత్రలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. పిడుదులు గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయట, ఒక్క కుక్కకు మందు పూస్తే చాలదు. మా ఇంటి ఓనరమ్మ అడగకుండానే మేస్త్రీని పిలిపించి పగుళ్ళు పూడ్పించారు. అద్దె కూడా ఆలస్యంగా తీసుకున్నారు.

ఆవులు, గొర్రెలు ఉన్నవారు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం ఊళ్ళోకే వస్తుంది, దానికి డబ్బు కట్టనక్కరలేదు. ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. చిట్టికి టీకాలు పడింది అలాగే.

మిగిలిన 4,350 రూపాయలు నా దగ్గర ఉంచుకోలేదు. మా వీధి చివర కిరాణా కొట్టు అన్న దగ్గర, పద్దు పుస్తకంలో రాయించి పెట్టాను. తెలిసిన వారెవరి కుక్కకో పిల్లికో వైద్యం చేయించే స్తోమత లేకపోతే, ఆసుపత్రి చీటీ చూపిస్తే చాలు, అన్న నేరుగా అక్కడే కడతాడు. ఎందుకు పెంచుతున్నారని మాత్రం అడగడు, ఆ షరతు నేనే పెట్టాను.