రాత్రి ఎగిరే చిమ్మటలకూ ఒక చిట్టా కావాలి

గౌరవనీయులైన తిరుపతి అటవీ శాఖాధికారి గారికి నమస్కారములు.

శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వు (జీవావరణ రక్షిత ప్రాంతం) అయినప్పటికీ, ఎర్రచందనంపై ఉన్న శ్రద్ధలో కొంతైనా సీతాకోకచిలుకలకు, ముఖ్యంగా చిమ్మటలకు (మాత్‌లకు) దక్కలేదని బాధతో విన్నవిస్తున్నాను. దేశంలో సీతాకోకచిలుకలు 1,300 రకాలకు పైగా ఉంటే, చిమ్మటలు 10,000 రకాలు దాటాయి.

మా పెరటి కరివేపాకు మీద పక్షిరెట్టలా కనిపించే పిల్ల గొంగళిపురుగు, పెరిగి ఆకుపచ్చగా మారి, చివరికి నల్లరెక్కల సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. అడవిలో ఏ పురుగు ఏ ఆకు తింటుందో కూడా ఇలాగే చూసి రాయాలి.

తలకోనలో నెలకొకసారి, వెన్నెల లేని రాత్రి (వెన్నెలలో చిమ్మటలు దీపానికి తక్కువగా వస్తాయి), మీ సిబ్బంది సమక్షంలో తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టి, వాలినవాటిని చంపకుండా ఫొటో తీసి, తేదీతో, చోటుతో నమోదు చేసేందుకు విద్యార్థులను అనుమతించాలనీ, ఆ జాబితాను తెలుగులో ప్రచురించాలనీ ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తిరుపతి వాసి