సహకార విద్యుత్ సంఘంలో మరమ్మతు నిధికి కోత పెట్టవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారాలు. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అంటే ఆ జిల్లా ప్రజలందరూ సెస్ అని పిలుచుకునే సంస్థ, అంతరాయం లేని కరెంటు ఇస్తూనే ఖర్చును ఎలా అదుపులో ఉంచుకోవాలన్నది ఒక్క రాజన్న సిరిసిల్ల జిల్లా వ్యవహారమని హైదరాబాద్‌లో చాలామంది అనుకుంటారు. ఆ సంఘం కరెంటు కొనే ధర, అమ్మే ధర రెండూ ఖరారయ్యేది మాత్రం ఈ నగరంలోనే, కల్యాణ్‌నగర్‌లో ఉన్న రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి కార్యాలయంలో. విద్యుత్ శాఖలో పనిచేసి విరమణ పొందినవాడిగా, మండలి బహిరంగ విచారణలను శ్రద్ధగా గమనించేవాడిగా ఈ విషయంపై నా అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందుంచుతున్నాను.

గ్రామీణ విద్యుదీకరణ సంస్థ (ఆర్‌ఈసీ) 1969లో ఏర్పడిన తొలి రోజుల్లోనే దేశంలో అయిదు చోట్ల ప్రయోగాత్మకంగా సహకార విద్యుత్ సంఘాలను నెలకొల్పారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కొడినార్, మహారాష్ట్రలో ముల-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నోతో పాటు మన సిరిసిల్ల వాటిలో ఒకటి. లాభం లేదని ప్రైవేటు కంపెనీలు తీగ లాగని పల్లెలకు 1936 నాటి చట్టం అండతో రైతులే సంఘాలు కట్టుకుని కరెంటు తెచ్చుకున్న అమెరికా అనుభవం ఈ ప్రయోగానికి ఆధారం. అక్కడి సంఘాల్లో ఏడాది చివర మిగిలిన సొమ్మును సభ్యుల పేర జమకట్టి, కొన్నేళ్ల తర్వాత వారికే తిరిగి చెల్లిస్తారు. మన దగ్గర సంఘం చేతిలో అంతటి స్వేచ్ఛ ఎన్నడూ లేదు.

సెస్ ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి టోకున కరెంటు కొంటుంది. ఆ టోకు ధరను నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. రాష్ట్రమంతటా ఒకే టారిఫ్ ఉండాలన్న విధానం వల్ల ఇంటి మీటరుకు ఎంత వసూలు చేయాలో, దుకాణానికి ఎంత వసూలు చేయాలో కూడా మండలే చెబుతుంది. వ్యవసాయానికి 2018 జనవరి నుంచి ఇస్తున్న ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు, 2024లో మొదలైన, ఇళ్లకు రెండు వందల యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి, మరమగ్గాలకు ఇచ్చే రాయితీ, ఇవన్నీ ప్రభుత్వ నిర్ణయాలు. ఇవి పోగా సంఘం పాలకవర్గం చేతిలో మిగిలేవి రెండే రెండు: లైన్ల నష్టాలను ఎంతవరకు తగ్గించుకోగలదు, మరమ్మతులకు, సిబ్బందికి ఎంత ఖర్చు పెట్టగలదు. డబ్బుకు ఇబ్బంది వచ్చినప్పుడల్లా మొదటి కోత పడేది ఈ రెండో దాని మీదే. నా ఆందోళన అంతా దీని గురించే.

నగర పాఠకులకు ఒక తేడా చెప్పాలి. కూకట్‌పల్లిలో ఒక పెద్ద అపార్ట్‌మెంటు సముదాయానికి ఆవరణలోనే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది; తీగ పొడవు కొద్ది మీటర్లు, బిల్లు కట్టే కుటుంబాలు వందల్లో. అదే మానేరు పరీవాహకంలోని ఒక పల్లెలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద పదిహేనో ఇరవయ్యో వ్యవసాయ మోటార్లు పొలాల మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి; స్తంభాలు, తీగలు, వాటిని చూసుకునే మనిషి అందరూ కావాలి, నేరుగా వచ్చే రాబడి మాత్రం దాదాపు శూన్యం. పైగా నగరంలో ఐటీ భవనాలు, ఆసుపత్రులు, మాల్‌లు ఎక్కువ ధర చెల్లించి తక్కువ ధర వినియోగదారుల భారాన్ని కొంత మోస్తాయి. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు), వ్యవసాయ మోటార్లే ఎక్కువ. అందువల్ల సంఘానికి టోకు ధర తక్కువగా నిర్ణయించడాన్ని ఎవరూ దానధర్మంగా చూడకూడదు. దాని వినియోగదారుల స్వభావం అలాంటిది.

ఇక మరమ్మతుల సంగతి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. తీగలో ప్రవాహం రెట్టింపైతే అందులో వేడిగా పోయే నష్టం నాలుగింతలవుతుంది. ఒక వంద కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ పెట్టి కిలోమీటరు పొడవునా లోటెన్షన్ (తక్కువ వోల్టేజీ) లైను లాగే పద్ధతిలో ఈ నష్టం ఎక్కువ. ఎక్కువ వోల్టేజీ ఉండే పదకొండు కేవీ లైనునే పొలం దాకా తీసుకువెళ్లి పదహారు, ఇరవై అయిదు కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే నష్టం తగ్గుతుంది, వోల్టేజీ నిలబడుతుంది, ఒకటి కాలినా ఇద్దరు ముగ్గురు రైతులకే ఇబ్బంది. అయితే దానికి మొదట పెట్టుబడి కావాలి. అంత పెట్టుబడి అవసరం లేని పని కెపాసిటర్, అంటే మోటారు లైను నుంచి లాగే అదనపు ప్రవాహాన్ని తగ్గించే చిన్న పరికరం. అయిదు హార్స్‌పవర్ మోటారుకు రెండు కేవీఏఆర్ సామర్థ్యం గల కెపాసిటర్ బిగిస్తే లైను మీద భారం గణనీయంగా తగ్గుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత విద్యుత్తుకు దీన్ని ఒక షరతుగా కూడా పెట్టారు, కానీ బిగించినవి పనిచేస్తున్నాయా అని ఏటా చూసే మనుషులను మాత్రం పెట్టలేదు. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటోస్టార్టర్లదీ ఇదే కథ. కరెంటు పోయి తిరిగి రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలవుతుంది, ఆ తాకిడికి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. వాటిని తీసివేయించేందుకు జరిగిన ప్రచారం మంచిదే. అయినా రైతు రాత్రివేళ పొలానికి పోనవసరం లేకుండా తెగకుండా కరెంటు వస్తుందన్న నమ్మకం కుదిరితే తప్ప అతడు దాన్ని వదులుకోడు. ఆ నమ్మకం ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తెచ్చే లైను, సక్రమంగా ఉంటేనే కలుగుతుంది.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో ఇరవై నాలుగు గంటల్లో, పల్లెల్లో నలభై ఎనిమిది గంటల్లో మార్చాలని సేవా ప్రమాణాల నిబంధనలు చెబుతున్నాయి. మన పల్లెల్లో ఏ పంపిణీ సంస్థ పరిధిలో చూసినా రైతులే చందాలు వేసుకుని, ట్రాక్టరు కట్టి కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మరమ్మతు కేంద్రానికి మోసుకుపోయే సందర్భాలు కొత్తేమీ కావు. ఆ కిరాయి, ఆ రెండు మూడు రోజుల్లో ఎండిన నారుమడి, ఆగిన సాంచా మీద కార్మికుడు పోగొట్టుకున్న కూలి ఏ సంస్థ ఖర్చుల పట్టికలోనూ కనిపించవు. వేసవి చివర ఈదురుగాలులు రాకముందే తీగలకు తగిలే కొమ్మలు కొట్టించడం, వదులైన జంపర్లు (తీగలను కలిపే ముక్కలు) బిగించడం, ఒరిగిన స్తంభాలు సరిచేయడం చిన్న ఖర్చులే. వీటిని ఒక ఏడాది ఆపితే లెక్కల్లో పొదుపు కనిపిస్తుంది, తర్వాతి ఏడాది నాలుగు గ్రామాలు చీకట్లో ఉంటాయి. సరిపడా లైన్‌మన్లు లేకపోతే ఉన్నవాళ్లు ఆదరాబాదరాగా స్తంభాలు ఎక్కాల్సి వస్తుంది. వాళ్ల ప్రాణాలతో పొదుపు చేయడాన్ని ఏ పాలకవర్గమూ సమర్థించుకోలేదు.

బకాయిలు పేరుకుపోతే ఏమవుతుందో ముల-ప్రవర చూపించింది. కరెంటు కొన్నందుకు చెల్లించవలసిన సొమ్ము గుట్టగా పెరిగి, 2011లో అక్కడి పంపిణీ బాధ్యత మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతికి వెళ్లిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి సంఘాలకు లైసెన్సు లేకుండానే కరెంటు పంపిణీ చేసుకునేందుకు ఉన్న మినహాయింపు కూడా 2021లో వివాదంలో పడింది. కాబట్టి సహకార సంఘం కదా, ఎలాగూ నడుస్తుందిలే అని ఊరుకోవడానికి వీల్లేదు. అలాగని విలీనమే మందు అన్న వాదనతోనూ నేను ఏకీభవించను. ఓటు వేసి డైరెక్టర్లను ఎన్నుకునే హక్కు, వార్షిక సభలో నిలదీసే హక్కు సిరిసిల్ల వినియోగదారుడికి ఉన్నాయి. హైదరాబాద్‌లో బిల్లు కట్టే నాకు అవి లేవు.

ఆ హక్కుకు విలువ ఉండాలంటే సంఘం కూడా మారాలి. డైరెక్టర్ల పదవులు పార్టీల బలపరీక్షలకు వేదికలు కాకూడదు. ఉద్యోగ నియామకాలు అవసరాన్ని బట్టే జరగాలి. మీటర్లు లేని వ్యవసాయ కనెక్షన్లు ఎంత వాడాయన్నది నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల ఆధారంగా వేసే అంచనా మాత్రమే. ఆ అంచనా ఎక్కువైతే లైన్ నష్టం తక్కువగా కనిపిస్తుంది, తక్కువైతే రాయితీ తగ్గుతుంది. ఫీడరు మీటర్ల రీడింగులను అందరికీ అందుబాటులో ఉంచితే ఈ అనుమానాలకు తావుండదు.

2003 విద్యుత్ చట్టం అరవై అయిదో సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఏ వర్గానికి రాయితీ ప్రకటించినా ఆ సొమ్మును ముందుగానే చెల్లించాలి. సంఘానికి రావలసినది సంఘం ఖాతాకే, ప్రతి త్రైమాసికం మొదటి నెలలోనే జమ కావాలని, పాత బాకీలకు సర్దుబాటు అన్న పేరుతో కాగితాల మీదే ముగియరాదని నా విన్నపం. అలాగే టోకు ధర నిర్ణయించేటప్పుడు మరమ్మతులకు, సిబ్బందికి ఒప్పుకున్న మొత్తాన్ని మండలి ప్రత్యేక నిధిగా చూపించి, దాన్ని కరెంటు కొనుగోలు బకాయిలకు మళ్లించకుండా ఆదేశించాలి. రాబోయే విచారణకు కనీసం నెల రోజుల ముందు, ఏ ఫీడరులో ఏడాదిలో ఎన్నిసార్లు, ఎన్ని గంటలు కరెంటు పోయింది, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయి, ఎన్ని గడువులోపు మార్చారు అన్న వివరాలను తెలుగులో ప్రతి గ్రామపంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించాలి. విచారణకు హైదరాబాద్ రాలేని రైతులు, సాంచాలు నడిపించే ఆసాములు తమ అభ్యంతరాలను అక్కడి నుంచే రాసి పంపుకునే వీలు కూడా మండలి కల్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత విద్యుత్ ఉద్యోగి,
తార్నాక, హైదరాబాద్