సవరణకూ అదే చోటు ఇవ్వాలి

ఎన్నికల వేళ పతాక శీర్షికకెక్కిన ఆరోపణ అబద్ధమని తేలాక, ఆ సంగతిని లోపలి పేజీలో ఓ మూలన రెండు వాక్యాలతో సరిపెట్టే అలవాటు ప్రజాభిప్రాయాన్ని దారి తప్పిస్తోంది. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే పట్టణంలో ఇంకా ఎటూ తేల్చుకోని ఓటర్లను ప్రశ్నించి, మెక్‌కోంబ్స్, షా అనే పరిశోధకులు 1972లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మాధ్యమాలు వేటికి ప్రాధాన్యమిచ్చాయో ఓటర్లూ దాదాపు వాటినే ముఖ్య సమస్యలుగా ఎంచారు. అంటే ఏ వార్తను ఎక్కడ, ఎంత పెద్దగా వేశారన్నదే రాజకీయాలను మలచగల శక్తి. ఇటీవల ఒక వార్తా చానెల్‌లో గంటసేపు సాగిన చర్చను ఆసాంతం చూశాను. ఒక నాయకుడిపై వచ్చిన ఆరోపణ తెర అడుగున ఎర్రటి పట్టీలో, చివర ప్రశ్నార్థకంతో, ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఆయన పక్షాన వచ్చిన వ్యక్తికి మాత్రం ఒక్క వాక్యమైనా పూర్తిచేసే అవకాశం దక్కలేదు. ప్రశ్నార్థకం తగిలించినంత మాత్రాన అది ప్రశ్న కాబోదు, మర్నాడు నాతో మాట్లాడినవారంతా దాన్ని రుజువైన నేరంగానే చెప్పుకొచ్చారు. అందువల్ల తప్పుడు వార్త ఏ పేజీలో, ఎంత పెద్ద అక్షరాలతో వచ్చిందో సవరణ కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో రావాలని, చానెళ్లయితే అదే సమయంలో, అదే పట్టీలో, అన్నిసార్లూ చూపాలని నియమం తేవాలి. చట్టం వచ్చేదాకా ఆగకుండా ఈ పద్ధతిని మీ పత్రికే ముందుగా మొదటి పేజీ నుంచి పాటించాలని కోరుతున్నాను.