క్యారల్స్ వాళ్ల కోసం ఎదురుచూసే రాత్రి

గుంటూరు,
డిసెంబరు 12.

ఒరేయ్ మామా,

క్రిస్మస్‌కి పిల్లలతో కూర్చుని చూసే సినిమాలేవో చెప్పమని మొన్న ఫోన్లో అడిగావు. అప్పుడు బస్సులో ఉన్నాను, ఆ గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ తీరిగ్గా రాస్తున్నా.

మా ఇంటి మీద స్టార్ కట్టేశాం. చర్చి యూత్ వాళ్లు క్యారల్స్‌కి ఏ అర్ధరాత్రో వస్తారు. వాళ్ల కోసం మేలుకుని ఉండే రాత్రి నేను ఏటా ఒకటే సినిమా పెడతాను, ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన నలుపు తెలుపు సినిమా. జార్జ్ బెయిలీకి ఊరు దాటి ప్రపంచమంతా తిరగాలని కోరిక. తండ్రి పోతాడు, తమ్ముణ్ణి చదివించాలి, ఇళ్లకు అప్పులిచ్చే చిన్న సంస్థను నిలబెట్టాలి. చివరికి ఊళ్లోనే ఉండిపోతాడు. మన నాన్నల తరంలో ఇలాంటి పెద్దకొడుకులు ఎంతమందిరా!

క్రిస్మస్ ముందురోజు సంస్థ సొమ్ము 8,000 డాలర్లు పోతాయి. జార్జ్ బార్‌లో కూర్చుని, దారి చూపించమని దేవుణ్ణి వేడుకుంటాడు. ఆ సీన్ దగ్గర నేను ఎవరితోనూ మాట్లాడను. జార్జ్‌గా వేసిన జేమ్స్ స్టీవర్ట్ రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ పైలట్‌గా పనిచేసి వచ్చాక చేసిన మొదటి సినిమా ఇది. ఆ ఏడుపు నటన కాదనిపిస్తుంది. కెమెరా దూరంగా ఉండడంతో, కాప్రా తర్వాత ఆ షాట్‌నే పెద్దది చేసి అతని ముఖాన్ని దగ్గరగా చూపించాడట.

అందులో కురిసే మంచు కూడా మండు వేసవిలో తీసిందేరా. అంతకుముందు మంచు కోసం రంగేసిన కార్న్‌ఫ్లేక్స్ వాడేవాళ్లు, తొక్కితే కరకరమని చప్పుడు. ఇందులో మంటలార్పే నురుగు, సబ్బునీళ్లు కలిపి వాడారు. దానికి ఆస్కార్ వాళ్లు సాంకేతిక అవార్డు కూడా ఇచ్చారు. సినిమాకి మాత్రం డబ్బులు రాలేదు. 1974లో కాపీరైట్ పొడిగించుకోవడం మర్చిపోవడంతో టీవీల వాళ్లు ఏటా వేసి వేసి దాన్ని ఇంటింటి సినిమా చేశారు.

ఆ డబ్బు దాచేసిన ఊరి ధనవంతుడు పాటర్‌కి చివరిదాకా ఏ శిక్షా పడదు. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు అదే సరైందనిపిస్తోంది, జార్జ్ కోసం ఊరంతా చిల్లర పోగేసుకుని వచ్చాక ఇక అతని ఊసెందుకు?

పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ముందు ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్ పెట్టు. 1965 నాటి అరగంట కార్టూన్. నిజం పిల్లలే గొంతులిచ్చారు, వెనకాల నవ్వుల చప్పుడు లేదు. వేదిక మీద లైనస్ అనే పిల్లాడు ఒక్కడే నిలబడి లూకా సువార్త చెబుతుంటే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది. హోమ్ అలోన్ ఎలాగూ చూస్తారు. దొంగల గొడవ సరే, చర్చిలో ఆ ముసలాయన పిల్లాడితో మాట్లాడే సీన్ మాత్రం వదలొద్దు.

అమ్మకి ఇవేవీ పట్టవు. ఆవిడకి 1978 నాటి కరుణామయుడు ఒక్కటే. 'కదిలింది కరుణరథం' మొదలైతే స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంటుంది. విజయచందర్‌ని చూస్తూ ఇప్పటికీ కొంగుతో కళ్లొత్తుకుంటుంది.

ఆ బార్ సీన్ చూశాక నాకు ఫోన్ చెయ్యి. ఇక్కడ తెల్లవారుజామైనా ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

నీ,
మామ