‘యూరినరీ’ అన్న మాట వెనక ఉన్న అంకెలు చెప్పండి: పిల్లుల ఆహారం తయారుచేసే సంస్థకు ఫిర్యాదు లేఖ

రాజమహేంద్రవరం,
మే 12, 2025.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: మీ ‘యూరినరీ’ ఎండు ఆహారంలో చెప్పకుండా చేసిన మార్పు, సంచి మీద నుండి తీసివేసిన వివరాలు, మీ ఫోను సేవలో ఇచ్చిన ప్రమాదకరమైన సలహా గురించి ఫిర్యాదు.

అయ్యా,

పిల్లుల మూత్రాశయ ఆరోగ్యం కోసమని మీరు అమ్ముతున్న ఎండు గుళికల ఆహారాన్ని 2024 జనవరి నుండి మా పిల్లికి పెడుతున్నాను. ఒకటిన్నర కిలోల సంచులు ఇప్పటికి 15 కొన్నాను. మొదటి 13 సంచుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పైగా ఆ 14 నెలలూ పిల్లి ఆరోగ్యంగా ఉండడంలో మీ ఆహారానికి కూడా భాగం ఉందని పదిమందికి చెప్పిన వాణ్ణి. ఆ తరువాతి రెండు సంచుల గురించీ, ఏప్రిల్ 22 రాత్రి మీ ప్రతినిధి నాతో అన్న మాటల గురించీ ఈ లేఖ రాస్తున్నాను.

మాది ఆరేళ్ల మగపిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినది, ఇల్లు దాటి బయటికి వెళ్లనిది, ఉండవలసిన దానికంటే కాస్త బరువైనది. మగపిల్లులలో మూత్ర సమస్యకు దారితీసే లక్షణాలుగా పశువైద్యులు చెప్పేవి ఇంచుమించు ఇవే. (ఇంట్లో దానిని పండు అంటాము. ఇది ఫిర్యాదు లేఖ కనుక పిల్లి అనే రాస్తున్నాను.) 2023 డిసెంబరులో అది గంటకు నాలుగైదుసార్లు లిట్టర్ ట్రేలోకి వెళ్లి, ముక్కుతూ కూర్చుని, రక్తపు చారతో రెండు చుక్కలు మాత్రం విడిచి లేచి రావడం చూసి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. మూత్ర పరీక్షలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 7.5 ఉంది, స్ట్రువైట్ స్ఫటికాలు కనిపించాయి, సూక్ష్మజీవులు లేవు. వయసులో ఉన్న పిల్లులలో సూక్ష్మజీవుల వల్ల ఈ బాధ రావడం అరుదనీ, కనుక యాంటీబయాటిక్ అక్కరలేదనీ, తిండి, నీళ్లు, ఇంటి వాతావరణం ఈ మూడింటినీ సరిచేసుకుంటే చాలావరకు అదుపులో ఉంటుందనీ డాక్టరు గారు వివరించారు.

నేను 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేశాను. స్ట్రువైట్ అంటే మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్ అనీ, మూత్రం క్షారగుణం వైపు మొగ్గి, చిక్కబడి, ఈ మూడూ అందులో ఎక్కువైనప్పుడు అది స్ఫటికాలుగా కట్టుకుంటుందనీ, మూత్రం తగినంత ఆమ్లంగా, పలుచగా ఉంటే అదే స్ఫటికం తిరిగి కరిగిపోతుందనీ తెలుసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మీ ఆహారాన్ని ఎంచుకున్నది కూడా ఈ కారణంగానే. అప్పటి సంచి వెనుక మెగ్నీషియం, భాస్వరం, సోడియం శాతాలూ, ఆ ఆహారం తిన్న పిల్లి మూత్రపు పీహెచ్ ఏ హద్దుల మధ్య ఉండాలని ఉద్దేశించారో ఆ అంకెలూ ముద్రించి ఉన్నాయి. డాక్టరు గారు వాటిని చదివి, సరేనన్న తరువాతనే మొదలుపెట్టాము.

ఈ జబ్బును తిండి సంచి ఒక్కటే నయం చేస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదని కూడా చెప్పాలి. పిల్లి ఎడారి జంతువు సంతతి. దాహం వేసినా వేయనట్టే ఉంటుంది. మీ గుళికలలో తేమ పదో వంతు. రోజుకు 45 గ్రాములు తింటే వాటి నుండి దానికి 5 మిల్లీలీటర్ల నీరు కూడా అందదు. అదే 85 గ్రాముల తడి ఆహారపు పొట్లం ఒకటి తింటే 65 మిల్లీలీటర్లకు పైగా అందుతుంది. అందువల్ల రోజూ ఒక పొట్లం తడి ఆహారం కలిపాము. తిండి గిన్నెకు దూరంగా మూడు చోట్ల మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టాము. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన కోడిమాంసపు నీటిని వారానికి నాలుగు రోజులు పోశాము (ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయన్న సంగతి మా వీధిలో పిల్లులు పెంచేవారిలో చాలామందికి తెలియదు). ఒక ట్రే ఉన్నచోట రెండు పెట్టి రెండుపూటలా శుభ్రం చేశాము. బరువు 6.2 కిలోల నుండి 5.5కు దించాము. నాలుగు నెలలకొకసారి చేయించిన మూత్ర పరీక్షలలో స్ఫటికాలు మళ్లీ కనిపించలేదు. ఆ నివేదికలు జతచేశాను.

2025 మార్చి 8న కొన్న పద్నాలుగో సంచి విప్పగానే గుళికల రంగు, ఆకారం మారినట్టు గమనించాను. సంచి ముందువైపు బొమ్మ, పేరు, ‘యూరినరీ’ అన్న పెద్ద అక్షరాలు అన్నీ పాతవే. కొత్తగా ‘సంపూర్ణ మూత్ర రక్షణ – ఇది ఒక్కటి చాలు’ అన్న వాక్యం చేరింది. వెనుకవైపు మాత్రం మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, ఈ నాలుగు అంకెలే మిగిలాయి. మెగ్నీషియం లేదు, భాస్వరం లేదు, సోడియం లేదు, పీహెచ్ లేదు. పదార్థాల వరుసలో ఇదివరకు మొదట ఉన్న కోడిమాంసం మూడో స్థానానికి దిగి, మొక్కజొన్న మొదటికి వచ్చింది. మాంసం ఎక్కువైన ఆహారం మూత్రాన్ని ఆమ్లం వైపు, ధాన్యం ఎక్కువైనది క్షారం వైపు నడిపించడం సహజం కనుక, దీనిని సరిచేయడానికి మీరు ఏమైనా కలిపారా, కలిపితే ఎంత అని మార్చి 12న ఇ-మెయిల్ ద్వారా అడిగాను. మార్చి 17న వచ్చిన జవాబులో నా ప్రశ్న ఒక్కటీ లేదు. మీ ఉత్పత్తులన్నీ అత్యున్నత నాణ్యతా ప్రమాణాలకు లోబడి ఉన్నాయనీ, మార్పులు రుచి కోసమేననీ, నిశ్చింతగా కొనసాగించవచ్చుననీ ఉంది. నేను కొనసాగించాను.

ఏప్రిల్ 22 సాయంత్రం పిల్లి మళ్లీ ట్రే చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఈసారి చుక్క కూడా పడలేదు. రాత్రి 8.50కి, మా ఆసుపత్రి మూసివేసి ఉన్నందున, సంచి మీద ముద్రించిన మీ ఫోను నంబరుకు చేశాను. మగపిల్లి, మూత్రాశయ సమస్య ఇదివరకు ఉంది, మీ యూరినరీ ఆహారమే తింటున్నది, ముక్కుతున్నది కాని ఏమీ రావడం లేదు అని నాలుగు విషయాలూ స్పష్టంగా చెప్పాను. మీ ప్రతినిధి ఎంతో మర్యాదగా, అది మలబద్ధకం అయి ఉంటుందనీ, ఒక చెంచా నెయ్యి కలిపి పెట్టి రెండు రోజులు చూడమనీ, మీ ఆహారం తినే పిల్లికి మూత్రం ఆగే అవకాశం లేదనీ చెప్పారు.

ట్రేలో ముక్కుతున్న పిల్లిని చూసి మలబద్ధకం అనుకోవడం ఇళ్లలో మామూలుగా జరిగే పొరపాటే. కాని మూత్ర సమస్యల పేరు మీద ఆహారం అమ్మే సంస్థ ఫోనులో ఆ పొరపాటు జరగకూడదు. మగపిల్లి మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది. స్ఫటికాలూ జిగురూ కలిసి అక్కడ బిరడాలా పడితే మూత్రం వెనక్కి తన్ని, రక్తంలో పొటాషియం పెరిగి, గుండె లయ తప్పి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. మీ ప్రతినిధి చూడమన్న గడువు సరిగ్గా ఆ రెండు రోజులే. నా తప్పు కూడా ఇందులో ఉంది. మగపిల్లికి మూత్రం ఆగితే గంటలు లెక్కపెట్టుకోమని డాక్టరు గారు 2023లోనే హెచ్చరించారు. అయినా తయారుచేసినవారే అంత ధీమాగా చెబుతున్నారు కదా అని ఆ రాత్రి నిబ్బరించుకున్నాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు అది వాంతి చేసుకుని, ఎత్తుకోబోతే అరవడంతో నా భార్య నన్ను లేపి, ఇక ఎవరి మాటా వినవద్దని చెప్పి ఆటో పిలిచింది.

డాక్టరు గారిని నిద్రలేపి ఆసుపత్రి తెరిపించాము. మూత్రాశయం బత్తాయి పండంత ఉబ్బి రాయిలా గట్టిపడి ఉంది. పొటాషియం ప్రమాదకర స్థాయికి చేరింది. మత్తు ఇచ్చి కాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేసి, సెలైన్ మీద మూడు రోజులు ఉంచారు. మూత్రపు పీహెచ్ 8, స్ఫటికాలు మళ్లీ స్ట్రువైటే. ఇంకోసారి ఇలాగే అడ్డుపడితే మూత్రద్వారాన్ని వెడల్పు చేసే శస్త్రచికిత్స గురించి ఆలోచించవలసి వస్తుందన్నారు. ఖర్చు 18,400 రూపాయలు అయింది. పిల్లి బ్రతికింది, ఇప్పుడు పూర్తిగా తడి ఆహారం మీద ఉంది.

మీ కొత్త గుళికల వల్లనే ఇదంతా జరిగిందని నేను ఆరోపించడం లేదు. ఆ నెలలో మా ఇంటికి రంగులు వేయించాము. సామాను కదలడం, కొత్త మనుషులు తిరగడం, రంగుల వాసన ఇవన్నీ పిల్లిని కలతపెట్టాయి. ఇటువంటి కలత వల్లనే మూత్రాశయం వాచే పిల్లులు ఎక్కువని డాక్టరు గారు చెప్పారు. ఎండలు కూడా ముదిరాయి. ఏది ఎంత కారణమో తేల్చాలంటే మీ ఆహారంలో ఏముందో తెలియాలి. ఆ తెలుసుకునే దారినే మీరు మూసివేశారన్నది నా ఫిర్యాదు.

ఈ అంకెలు వ్యాపార రహస్యాలని మీరు అనవచ్చు. అదే నిజమైతే 2024లో అవి సంచి మీద ఎలా ఉన్నాయి? పైగా ఈ అంకెలు ఒకవైపే పనిచేయవు. 1980లలో స్ట్రువైట్ సమస్య తగ్గించడానికి పెద్ద తయారీదారులు ఆహారంలో మెగ్నీషియం తగ్గించి ఆమ్లగుణం పెంచినప్పుడు ఆ రాళ్లు తగ్గిన మాట నిజమే, కాని తరువాతి సంవత్సరాలలో కాల్షియం ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. 1981 నుండి పశువుల మూత్రాశయ రాళ్లను విశ్లేషిస్తున్న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ కేంద్రం లెక్కలలో ఈ మార్పు స్పష్టంగా నమోదైంది. స్ట్రువైట్ తిండితో కరుగుతుంది. ఆక్సలేట్ కరగదు, చాలాసార్లు కోసి తీయవలసిందే. కనుక పీహెచ్ మరీ పెరిగినా, మరీ తగ్గినా పిల్లికి నష్టమే. దాహం పెంచడానికి ఉప్పు ఎక్కువ వేసే ఆహారాలు కూడా ఉన్నాయి. మూత్రపిండాలు బలహీనమైన ముసలి పిల్లికి అలాంటిది పెట్టవచ్చా అని నిర్ణయించే డాక్టరుకు సోడియం ఎంతో తెలియాలి. ‘యూరినరీ’ అనే ఒక్క మాట ఈ ప్రశ్నలలో దేనికీ జవాబు కాదు.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పశువుల దాణాను ఆహారమన్న నిర్వచనం నుండి మినహాయించిందని నాకు తెలుసు. అయితే డబ్బు పెట్టి కొన్న నేను 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుణ్ణే. ‘ఇది ఒక్కటి చాలు’ అన్న మీ కొత్త వాక్యం ఆ చట్టంలోని తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుందని నా అభిప్రాయం. మూత్ర సమస్య ఉన్న పిల్లికి ఎండు ఆహారం ఒక్కటే చాలదని, నీటి భాగం పెంచాలని ఏ పశువైద్యుడైనా చెబుతాడు.

అందువల్ల కోరుతున్నది ఇది. మార్చిలో వచ్చిన సంచుల బ్యాచ్‌కు సంబంధించి మెగ్నీషియం, భాస్వరం, సోడియం, కాల్షియం శాతాలనూ, మూత్రపు పీహెచ్ మీద ఆ ఆహారం ప్రభావాన్ని పిల్లుల మీద పరీక్షించారా లేదా అన్న విషయాన్నీ, పరీక్షించి ఉంటే ఫలితాన్నీ నాకు, మా డాక్టరు గారికి లిఖితపూర్వకంగా పంపండి. ఆ అంకెలను సంచి మీదికి తిరిగి తీసుకురండి. తయారీ మారినప్పుడు ముందువైపే ఆ సంగతి ముద్రించండి. ‘ఇది ఒక్కటి చాలు’ అన్న వాక్యం తొలగించి, దాని స్థానంలో నీటి గురించి, తడి ఆహారం గురించి రెండు మాటలు చేర్చండి. ఫోను ఎత్తేవారి ముందు, మగపిల్లి ముక్కుతూ మూత్రం రావడం లేదని ఎవరు చెప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లమనడం తప్ప వేరే సలహా ఇవ్వకూడదని రాసిన కాగితం ఒకటి అతికించండి. దీనికి ఖర్చు ఏమీ ఉండదు కనుక ఇది రేపే చేయవచ్చు. ఏప్రిల్ 22 రాత్రి నా సంభాషణ రికార్డును చెరిపివేయకుండా భద్రపరచండి.

ఆసుపత్రి ఖర్చు నేను అడగడం లేదు. పదిహేనో సంచిలో సగానికి పైగా మిగిలి ఉంది; దానిని మరే పిల్లికీ ఇవ్వడానికి నాకు మనసొప్పడం లేదు, కనుక మూతి కట్టి ఉంచాను. మీరు కోరితే పరీక్షకు పంపుతాను, దాని ధర 1,450 రూపాయలు తిరిగి చెల్లించండి. ఈ లేఖ అందిన 15 రోజులలోగా సంతకంతో కూడిన జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో 1915 నంబరు ద్వారా ఫిర్యాదు నమోదు చేసి, ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మార్చి 17 నాటి జవాబు వంటిది మళ్లీ పంపితే దానిని జవాబుగా పరిగణించను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం.

జతపరచినవి: పాత, కొత్త సంచుల ముందువెనుకల ఛాయాచిత్రాలు, 14, 15వ సంచుల రశీదులు, మార్చి 12, 17 తేదీల ఇ-మెయిళ్ల ప్రతులు, 2023 డిసెంబరు నుండి 2025 ఏప్రిల్ వరకు మూత్ర పరీక్షల నివేదికలు, ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, ఏప్రిల్ 22 నాటి ఫోను కాల్ వివరం.