పిల్లలున్న సంసారాలు హైదరాబాద్ వదిలిపోతున్నాయి: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను చందానగర్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతి టీచర్‌ని. ఏటా పరీక్షలు అయిపోగానే టీసీల కోసం తల్లిదండ్రులు వస్తారు. స్కూలు నచ్చక మార్చేవాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు, వాళ్ల సంగతి వేరు. ఈమధ్య నగరమే వదిలి వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. కరీంనగర్, ఖమ్మం, నల్గొండ వెళ్తున్నారు. ఆంధ్ర వాళ్లయితే రాజమండ్రి, ఒంగోలు. వీళ్లెవరికీ ఉద్యోగం పోలేదు. ఉన్న జీతంతో ఇక్కడ అద్దె కట్టి పిల్లల్ని పెంచలేక వెళ్లిపోతున్నారు. ఇందులో మీ శాఖ చేతిలో ఉన్నది చాలా ఉంది, అందుకే మీకు రాస్తున్నాను.

వీళ్లు ఎలాంటివాళ్లో ముందు చెప్పాలి. స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మా కంపెనీలో కెమిస్టులు, కొరియర్ ఆఫీసులో సూపర్‌వైజర్లు, నాలాంటి టీచర్లు. ఇంటికి నెలకు 35 వేల నుంచి 60 వేల దాకా వస్తుంది. నగరాల్లో రేషన్‌కార్డుకు ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు కాబట్టి వీళ్లకు కార్డు ఉండదు. పేదవాళ్ల కోసం పెట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు గానీ ఇందిరమ్మ ఇల్లు గానీ వీళ్ల దాకా రాదు, రావాలని అడగడం కూడా న్యాయం కాదు. పోనీ కొనుక్కుందామంటే, బ్యాంకులో 50 లక్షలు అప్పు తీసుకుంటే 20 ఏళ్లపాటు నెలకు 40 వేల చుట్టూ కిస్తీ. వచ్చే జీతమే అంత. ఇక మిగిలింది అద్దె ఇల్లు. అద్దె ఇంట్లో ఉండేవాడి గురించి మన రాష్ట్ర ప్రభుత్వాల దగ్గర, ఏ పార్టీది అయినా సరే, ఒక్క పథకం కూడా నాకు కనపడలేదు.

మా క్లాసులో ఒక పాప తల్లి టీసీ తీసుకునేటప్పుడు, నేను అడగకుండానే, ఫోన్‌లో రాసుకున్న నెల లెక్క చూపించింది. ఇంటికి వచ్చేది 46 వేలు. అద్దె 17 వేలు, మెయింటెనెన్సు, నీళ్లు కలిపి 2 వేలు. ఫీజు, స్కూలు వ్యాను 6,500. పెట్రోలు, ఫోన్లు 5 వేలు. సరుకులు, పాలు, గ్యాసు 10 వేలు. ఊళ్లో అత్తమామల మందులకు 3 వేలు. మిగిలేది 2,500. జ్వరమొచ్చినా, చుట్టాలింట్లో పెళ్లి వచ్చినా, బండి టైరు పోయినా అందులోంచే. జూన్ నుంచి అద్దె ఇంకో 2 వేలు పెంచుతామని ఓనర్ చెప్పాడట. వాళ్లు ఖర్చు దండగ చేసే మనుషులు కారు మంత్రి గారూ. ఆ లెక్కలో ఏది తీసేయమంటామో నాకు ఎంత ఆలోచించినా తోచలేదు.

నగరం వదలడమంటే ఇంటిల్లిపాదీ సామాను సర్దుకుని వెళ్లడం అనుకుంటారు. చాలా ఇళ్లల్లో అలా జరగదు. తల్లీ పిల్లలూ అమ్మమ్మ ఊరికో నానమ్మ ఊరికో వెళ్తారు. తండ్రి ఇక్కడే, కూకట్‌పల్లి వైపో అమీర్‌పేట వైపో మెన్స్ హాస్టల్లో ఒక బెడ్ తీసుకుంటాడు. శనివారం రాత్రి జేబీఎస్‌లోనో ఉప్పల్‌లోనో ఎల్బీనగర్‌లోనో బస్సెక్కి వెళ్లి, ఆదివారం రాత్రికో సోమవారం తెల్లవారుజామునో తిరిగొస్తాడు. గల్ఫ్‌కు వెళ్లిన తండ్రుల గురించి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు నూటయాభై కిలోమీటర్ల దూరంలో, సొంత రాష్ట్ర రాజధానిలో పనిచేస్తున్న తండ్రి కూడా బిడ్డకు వారానికి ఒక్కరోజే దొరుకుతున్నాడు.

ఇందులో ఎక్కువ నష్టపోయేది తల్లి. ఆమెకు ఇక్కడ ఉద్యోగం ఉండేది. నర్సుకైతే చిన్న ఊళ్లో కూడా ఏదో నర్సింగ్ హోమ్‌లో పని దొరకొచ్చు, జీతం సగం. అకౌంట్సు చేసేవాళ్లకు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లకు అదీ కష్టమే. మా స్కూల్లో నాతోపాటు పనిచేసిన ఇద్దరు టీచర్లు ఇలాగే వెళ్లారు, మళ్లీ పాఠం చెప్పలేదు. రెండో బిడ్డ మాట ఎత్తితే "ఇప్పుడప్పుడే వద్దులే టీచర్" అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక మహిళకు సగటున 1.8 మంది పిల్లలే. దక్షిణాదిలో జనాభా తగ్గుతోందని, ఎక్కువమంది పిల్లల్ని కనాలని పెద్ద నాయకులు సభల్లో చెబుతున్నారు. కనాలని ఉన్నవాళ్లు నాకు రోజూ కనపడతారు. వాళ్లు ముందు అడిగేది ఆ బిడ్డను ఏ ఇంట్లో పెంచాలని.

ఊరికి వెళ్లనివాళ్లు ఇంకా దూరం జరుగుతారు. మొదట కొండాపూర్, అక్కడ మోయలేక చందానగర్, ఇప్పుడు ఇస్నాపూర్, శంకర్‌పల్లి. అద్దె తగ్గిన మేరకు పెట్రోలు పెరుగుతుంది, పిల్లలు పొద్దున ఏడు కాకముందే వ్యాను ఎక్కాలి. మా ప్రాంతానికి 2003 నుంచీ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, టికెట్టు తక్కువ, నిజంగా పేదవాడి బండి. కానీ రెండో దశలో వేసిన మేడ్చల్, ఘట్‌కేసర్ లైన్ల మీద రోజుకు నడిచే రైళ్లు కొన్నే. పొద్దున ఆఫీసు వేళకు అరగంటకొక రైలు ఉంటే ఇల్లు దూరమైనా ఫరవాలేదు అనేవాళ్లు ఎందరో. తక్కువలో దొరుకుతుందని అనుమతి లేని లేఅవుట్లో స్థలం కొన్నవాళ్లు, అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్‌లో డబ్బు కట్టి పోగొట్టుకున్నవాళ్లు కూడా ఈ తరగతివాళ్లే. 2020లో అలాంటి లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయంటే, సరైన స్థలం కొనే స్తోమత లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ నగరానికి పడమటి వైపు మామూలు ఉద్యోగస్తుల్ని తెచ్చి కూర్చోబెట్టింది ప్రభుత్వమే. మాకు పక్కనే రామచంద్రాపురంలో 1960ల్లో బీహెచ్‌ఈఎల్ వచ్చింది, దానితోపాటే టౌన్‌షిప్ వచ్చింది. ఫ్యాక్టరీ పెట్టినవాళ్లు కార్మికుడు ఎక్కడుంటాడన్నది కూడా ఆలోచించారు. ఆ తర్వాత కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ కట్టింది మీ శాఖ కింద ఉన్న బోర్డే. ఇప్పటికీ కేపీహెచ్‌బీలో ఇంటి నంబరు ముందు ఎల్ఐజీ, ఎంఐజీ అని రాసి ఉంటుంది. తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం ఉన్నవాళ్లు వీళ్లు, వీళ్లకు ఇంత జాగాలో ఇల్లు అని లెక్కగట్టి కట్టిన కాలనీ అది. క్లర్కులు, కండక్టర్లు, టీచర్లు అక్కడ వాయిదాల్లో ఇల్లు కొనుక్కుని పిల్లల్ని ఇంజినీర్లను చేశారు. బాగ్‌లింగంపల్లి, ఎస్సార్ నగర్ కూడా అలా హౌసింగ్ బోర్డు ఇళ్లతో నిలబడ్డవే.

అదే కేపీహెచ్‌బీలో మిగిలిన స్థలంలో దాదాపు 8 ఎకరాలను 2025 ఆగస్టులో హౌసింగ్ బోర్డు వేలం వేసింది. ఎకరం 70 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం లక్షా 44 వేల పైన. కోకాపేటలో 2023లో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లు. ఖజానాకు డబ్బు కావాలి, సంక్షేమ పథకాలు నడవాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ రేటుకు కొన్నవాళ్లు అక్కడ ఎలాంటి ఇళ్లు కడతారు? నర్సుకు, కెమిస్టుకు అందేది కట్టలేరు, కట్టకపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. వేలం వార్త టీవీలో రాగానే చుట్టుపక్కల పాత అపార్ట్‌మెంట్ల ధరలు కదులుతాయి, వెనకాలే అద్దెలు కదులుతాయి. ఈ నగరంలో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే ఇంత స్థలంలో ఇంతే కట్టాలన్న హద్దు, లేదని బిల్డర్లు గొప్పగా చెప్తారు. నలభై, యాభై అంతస్తులు లేస్తున్నాయి, నిజమే. అందులో పెద్ద ఫ్లాట్లే ఎక్కువ.

మధ్యతరగతికి ప్రభుత్వం ఇళ్లు కట్టే ప్రయత్నం మధ్యలో ఒకసారి జరిగింది. 2007లో రాజీవ్ స్వగృహ కార్పొరేషన్ పెట్టారు. బండ్లగూడలో, పోచారంలో బ్లాకులు లేచి ఏళ్ల తరబడి ఖాళీగా పాడుపడ్డాయి. చివరికి 2022లో లాటరీ తీసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ అనుభవంతో "ప్రభుత్వం ఇళ్లు కట్టకూడదు" అనే మాట ఆఫీసర్ల నోట స్థిరపడిపోయిందేమో అని నా అనుమానం. నేను అడుగుతున్నది అమ్మకానికి కట్టమని కాదు. అద్దెకు కట్టండి. స్థలం బోర్డు పేరిటే ఉండనివ్వండి. ఇల్లు అమ్మితే ఒక్క కుటుంబానికి మేలు. అద్దెకిస్తే పిల్లలు చిన్నగా ఉన్న పదేళ్లు ఒక కుటుంబం ఉండి, కాస్త కూడబెట్టుకుని ఖాళీ చేస్తుంది, తర్వాత ఇంకో కుటుంబం వస్తుంది. కేంద్రం 2024లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో తక్కువ అద్దె ఇళ్లకు విడిగా ఒక భాగం ఉంది. ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. నేను చెప్పిన కుటుంబాల్లో చాలావరకు ఆ గీత లోపలే ఉన్నాయి.

వచ్చే వేలానికి ప్రకటన ఇచ్చేముందు ఒక నియమం పెట్టండి. హౌసింగ్ బోర్డు గానీ, హెచ్ఎండీఏ గానీ, పరిశ్రమలకు స్థలాలు చూసే టీజీఐఐసీ గానీ అమ్మే ప్రతి పది ఎకరాల్లో కనీసం ఒక ఎకరం అద్దె ఇళ్ల కోసం పక్కన పెట్టాలి. మెట్రోకో ఎంఎంటీఎస్‌కో నడిచి వెళ్లే దూరంలో ఉన్న ప్రభుత్వ స్థలాల్లో ముందు మొదలుపెట్టండి. అద్దె కుటుంబ ఆదాయంలో నాలుగో వంతు దాటకూడదు. చిన్న పిల్లలున్నవాళ్లకు ముందు అవకాశం ఇవ్వండి. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరంతో పని లేకుండా, లాటరీ అందరి ముందు తీయండి. మెయింటెనెన్సుకు అద్దెలోంచే కొంత విడిగా జమచేయాలి, లేకపోతే పదేళ్లకు లిఫ్టులు ఆగిపోయి ఆ ఇళ్లకు చెడ్డపేరు వస్తుంది.

రెండోది అద్దె చట్టం. మన రాష్ట్రంలో ఇంకా 1960 నాటి చట్టమే నడుస్తోంది. అసలు జరిగేది మాత్రం 11 నెలల అగ్రిమెంటు. నెల తిరగకుండా ఖాళీ చేయమన్నా, ఒక్కసారే నాలుగు వేలు పెంచినా, పోయేటప్పుడు పెయింటింగు పేరుతో అడ్వాన్సులో నెల అద్దె కోసుకున్నా అడిగే చోటు లేదు. సివిల్ కోర్టుకు ఎవరు వెళ్తారు? ఇంటి ఓనర్లందరినీ నేను తప్పు పట్టను. మా వీధిలో చాలామంది రిటైరైన పెద్దవాళ్లు, ఆ అద్దె మీదే బతుకుతున్నారు, ఖాళీ చేయకుండా మొండికేసిన కిరాయిదారుల వల్ల వాళ్లూ ఇబ్బంది పడ్డారు. 2021 జూన్‌లో కేంద్రం మోడల్ అద్దె చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి, ఇంటికి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు, గొడవలకు విడిగా అద్దె అధికారి ఉంటారు. తమిళనాడు అంతకుముందే, 2017లో, కొత్త చట్టం చేసుకుంది. మనం కూడా చేసుకుంటే ఇద్దరికీ మేలు. పిల్లలు చదువుతున్న ఇంటిని ఏప్రిల్, మే నెలల్లో తప్ప మధ్యలో ఖాళీ చేయించకూడదని అందులో ఒక్క వాక్యం చేర్చండి. ఫిబ్రవరిలో ఇల్లు మారి, పరీక్షల ముందు స్కూలు మానేసిన పిల్లల్ని చూసి అడుగుతున్నాను.

స్కూలు ఫీజుల శాఖ మీది కాదు. అయినా ఇంటి ఖర్చులో అద్దె తర్వాత ఫీజే కాబట్టి కేబినెట్లో మీరు మాట్లాడగలరు. ఫీజుల మీద వేసిన తిరుపతిరావు కమిటీ 2017లోనే నివేదిక ఇచ్చింది. తెలంగాణ విద్యా కమిషన్ కూడా ఫీజుల నియంత్రణ మీద తన సిఫారసులు ప్రభుత్వానికి అందజేసింది. ప్రైవేటు స్కూల్లో జీతం తీసుకునే మనిషిగా చెప్తున్నాను, చట్టం వస్తే మాలాంటి చిన్న స్కూళ్లు మూతపడవు.

చివరగా ఒక లెక్క అడుగుతాను. దీనికి మీకు కొత్త సర్వే అక్కర్లేదు. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ యూడైస్‌లో, అంటే స్కూళ్ల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, ఒక నంబరు ఉంది. పిల్లవాడు మా స్కూలు వదిలితే మేం ఆ నంబరును ఆన్‌లైన్‌లో విడిచిపెడతాం, కొత్త స్కూలు ఆ నంబరుతోనే చేర్చుకుంటుంది. ఏ జిల్లా నుంచి ఏ జిల్లాకు వెళ్లాడో రికార్డులో ఉంటుంది. మేం టీసీలో కారణం దగ్గర "పేరెంట్స్ రిక్వెస్ట్" అనే రాస్తాం కాబట్టి ఎందుకు వెళ్లాడో మాత్రం తెలియదు. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల నుంచి బయటికి వెళ్లిన పిల్లలెందరో విద్యాశాఖ దగ్గర తీసుకుని ఏటా జూలైలో బయటపెట్టండి. కారణానికి ఇంకో గడి పెట్టించండి. అద్దె భారమో, బదిలీయో, ఉద్యోగం పోవడమో తల్లిదండ్రులే టిక్ పెడతారు. ఏ ప్రాంతంలో ముందు ఇళ్లు కట్టాలో ఆ కాగితాలే మీకు చెప్తాయి.

ఈ ఏడాది టీసీలు మళ్లీ ఏప్రిల్‌లో మొదలవుతాయి. అంతకుముందే మీ శాఖ నుంచి జవాబు వస్తే, మా స్కూల్లో తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒకటో తరగతి టీచర్,
చందానగర్.